కడప ఎండల్లో గుండ్రాకు ఫ్యాన్ పామ్‌ను బతికించుకునేది ఎట్లా

మొదటి చెట్టును నేను మూడు రోజుల్లో చంపేసినాను. ఏప్రిల్ నెల, కడప, మిద్దె పైన. కొనేటప్పుడు నర్సరీ అతను "పామ్ జాతి మేడమ్, ఎండ ఎంతున్నా తట్టుకుంటాది, మన తాటిచెట్టు మాదిరే" అన్నాడు, నేనూ తలకాయ ఊపి తెచ్చి పిట్టగోడ పక్కన పెట్టేసినా. రెండో రోజుకు ఆకు అంచులు తెల్లబడినాయి, మూడో రోజు సాయంత్రం చేత్తో పట్టుకుంటే కాల్చిన అప్పడం మాదిరి పటపటా విరిగింది. మా అత్త చూసి "తాటాకు ఇసనకర్ర అయినా రెండేండ్లు వస్తాది కదమ్మా, ఇదేంది మూడు దినాలకే" అనింది.

రెండోదాన్ని బుద్ధిగా నీడలో పెట్టినా. అది ఏడు నెలలు ఉండి మెల్లగా పోయింది. ఎండ తగల్లేదు, నీళ్ళు తప్పలేదు, అయినా పోయింది. ఎందుకు పోయిందో తెలుసుకునేదానికే నాకు ఎక్కువ టైం పట్టింది. ఇప్పుడు ఉండేది మూడోది, ఆరో ఏడు నడుస్తా ఉంది, ఆకు ఒక్కొక్కటి అన్నం వడ్డించే పెద్ద తాంబాళమంత ఉంటుంది. మన పక్క ఊర్లలో ఎవరన్నా ఇది పెంచాలనుకుంటే నా మాదిరి రెండు చంపి నేర్చుకోకుండా నేరుగా మూడోదాని కాడికి రావాలని రాస్తున్నా.

ముందు ఇది యాడి చెట్టో తెలుసుకోండి, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. దీని పేరు లికువాలా గ్రాండిస్. నర్సరీల్లో ఊరికే ఫ్యాన్ పామ్ అనో, రఫుల్డ్ ఫ్యాన్ పామ్ అనో, లికువాలా అనో అంటారు. ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ సముద్రంలో వనువాటు అని దీవుల దేశం ఒకటుంది, 1980లో స్వాతంత్ర్యం రాకముందు న్యూ హెబ్రిడీస్ అనేవాళ్ళు, ఆ దీవులు, వాటికి ఉత్తరాన సాలమన్ దీవుల కింద వచ్చే శాంతాక్రూజ్ దీవులు, ఇదే దీని సొంతూరు. అగ్నిపర్వతాల మట్టి, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలే మట్టి, వాన ఏడాదికి 2000 మిల్లీమీటర్లు దాటే చోటు. మన అనంతపురంలో ఏడాదంతా కలిపినా 550 చుట్టుపక్కలే, కడపలో ఇంకొంచెం ఎక్కువ, అంతే. అంత వానలో కూడా ఇది బయట నిలబడి తడిసే చెట్టు కాదు, పెద్ద చెట్ల కింద, వాటి ఆకుల సందుల్లోంచి కారే వెలుతురులో, చెమ్మ పట్టిన గాలిలో బతికే చెట్టు. సొంత అడవిలో కూడా చాలా మెల్లగా పెరిగి మనిషి కన్నా కొంచెం ఎత్తుకు, మహా అయితే 3 మీటర్లకు పోతుంది.

ఇప్పుడు ఆకు చూడండి. మన తాటాకు కూడా ఫ్యాన్ మాదిరే ఉంటుంది కానీ అంచుకు వచ్చేసరికి వేళ్ళ మాదిరి చీలి ఉంటుంది, గాలి వస్తే ఆ చీలికల్లోంచి దూరిపోతుంది, చెట్టు గలగలమంటుంది గానీ ఆకుకు ఏం కాదు. లికువాలా ఆకు చీలదు. గుండ్రంగా, చీర కుచ్చిళ్ళ మాదిరి మడతలు మడతలుగా, అంచున చిన్న చిన్న రంపపు పళ్ళతో ఒకటే రేకు. గాలి వస్తే పోయేదానికి దారి లేదు, అందుకే చిరిగిపోతుంది. అంటే ఇది గాలే తెలియని చోట పెరిగిన ఆకు అని దాన్ని చూస్తేనే అర్థమైపోతుంది, నాకు మాత్రం రెండు చెట్లు పోయినాక అర్థమైంది. మన దగ్గర ఎండ సంగతి అందరికీ తెలుసు కాబట్టి నీడలో పెడతారు, అక్కడి వరకూ ఓకే. ఆ తర్వాత దీన్ని చంపేది పొడి గాలి, ఉప్పు నీళ్ళు. నా రెండో చెట్టు పోయింది వీటితోనే.

స్టెప్ 1: చెట్టు కొనకముందే చోటు చూసుకోండి

కొన్నాక చోటు వెతకొద్దు. ముందు రెండు మూడు రోజులు మీ ఇంటి చుట్టూ పొద్దున 8కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి ఒకసారి తిరిగి చూడండి. కావాల్సింది ఏమంటే, వెలుతురు బాగుండాలి, మీరు లైటు వేసుకోకుండా పేపర్ చదవగలగాలి, కానీ నేరుగా ఎండ తగలకూడదు. పొద్దున 8 లోపల వచ్చే లేత ఎండ ఒక అరగంట పడితే ఏం కాదు. తూర్పు పంచ, ఉత్తరం పక్క సందు, వేపచెట్టు కిందో కానుగ చెట్టు కిందో, ఇవి బాగుంటాయి. పడమర పక్క మాత్రం వద్దే వద్దు, గ్రీన్ నెట్ కట్టినా వద్దు, ఎందుకంటే నెట్ ఎండను ఆపుతుంది గానీ పడమటి గోడ నుంచి వచ్చే సెగను ఆపదు.

గ్రీన్ నెట్ కట్టాల్సి వస్తే 75 శాతం నీడ ఇచ్చేది తీసుకోండి. 50 శాతంది కూరగాయల మొక్కలకు చాలు, దీనికి మే నెలలో చాలదు.

ఇంకొక సంగతి, ఇది మన కడపోళ్ళకు స్పెషల్. మన ఇండ్లల్లో పంచలోనూ వాకిట్లోనూ నాపబండలు పరుస్తాం కదా, ఆ బండల మీద రాత్రి 9 గంటలకు ఉత్త కాళ్ళతో నిలబడి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటాయి. పగలంతా తాగిన వేడిని అవి రాత్రంతా కక్కుతా ఉంటాయి. కుండీని ఆ బండ మీద నేరుగా పెడితే అడుగున వేర్లు ఉడికిపోతాయి. రెండు ఇటుకలు పెట్టి వాటి మీద కుండీ పెట్టండి, లేదంటే కొబ్బరిపీచు మందంగా పరిచి పెట్టండి. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పరు.

ఇంట్లోపల పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, కిటికీ పక్కన అయితే. కానీ సీలింగ్ ఫ్యాన్ కింద కాదు, ఏసీ గాలి నేరుగా తగిలే చోట అసలే కాదు, ఏసీ గాలి చల్లగా ఉంటుంది గానీ తేమ పీల్చేసిన గాలి అది. రెండోదాన్ని నేను హాల్లో ఫ్యాన్ కింద పెట్టినా, మేం కూర్చునే చోటు కాబట్టి ఫ్యాన్ పగలంతా తిరుగుతానే ఉండేది. మాకు చల్లగుందని దానికీ చల్లగుంటుందని అనుకున్నా.

స్టెప్ 2: కొనేటప్పుడు చూసేవి

మన నర్సరీల్లోకి ఇవి ఎక్కువ కడియం పక్క నుంచే వస్తాయి, గోదావరి గాలిలో పెరిగినవి, అక్కడి నుంచి లారీలో ఇక్కడికి వచ్చేసరికే సగం బెదిరిపోయి ఉంటాయి. అందుకని లోడు దిగిన రోజే కొనొద్దు. రెండు మూడు వారాలు ఇక్కడి గాలి తిని ఇంకా పచ్చగా ఉన్నదాన్ని తీసుకోండి. కొనేది జులై తర్వాత, వానలు మొదలైనాక అయితే మేలు, సెప్టెంబర్ ఇంకా మేలు. ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య ఎంత తగ్గించి ఇస్తానన్నా కొనొద్దు.

అన్నిటికన్నా ముందు మొవ్వు చూడండి. కొబ్బరికి, తాటికి ఎట్లయితే మొవ్వు ఒక్కటే ఉంటుందో దీనికీ అంతే, నడిమధ్యలో ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే, పక్క నుంచి చిగురు రాదు. మధ్యలో ఉండే మొవ్వాకు, ఇంకా విచ్చుకోకుండా మూసిన విసనకర్ర మాదిరి నిలువుగా ఉంటుంది, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని సుతారంగా పైకి లాగండి. గట్టిగా ఉంటే మంచిది. ఊడి చేతికి వస్తే, కింద కుళ్ళిన వాసన వస్తే, ఆ చెట్టు నిలబడి ఉన్నా చచ్చిపోయిందే.

ఆకు పెద్దదా చిన్నదా అనేది తర్వాత. పాత ఆకు అంచు కొంచెం ఎండినా పర్లేదు, కొత్తగా విచ్చుకున్న ఆకు శుభ్రంగా ఉందా చూడండి, ఎందుకంటే పాత ఆకు వాళ్ళ ఊర్లో వచ్చింది, కొత్త ఆకు ఇక్కడ వచ్చింది. ఆకు వెనక తిప్పి మడతల సందుల్లో చూడండి, తెల్లగా దూది మాదిరి ఉంటే పిండినల్లి. కాడల అడుగుభాగంలో అంచుల వెంబడి ముండ్లుంటాయి, చూడకుండా చెయ్యి పెట్టి లాగొద్దు.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు జాగ్రత్త. బండి వెనక కూర్చుని చేత్తో పట్టుకుని వస్తే ఇంటికొచ్చేసరికి చీలికలు పేలికలు అవుతాయి, నేను ప్రొద్దుటూరు నుంచి అట్లా ఒకటి తెచ్చినా, ఎర్రగుంట్ల దాటేలోపు మూడు ఆకులు చిరిగినాయి. పాత నూలు చీరతో ఆకులన్నీ పైకి దగ్గరకు చేర్చి వదులుగా చుట్టి, ఆటోలోనో కారులోనో తెచ్చుకోండి. ఒకసారి చిరిగిన ఆకు మళ్ళీ అతుక్కోదు, ఆ ఆకు పోయేదాకా రెండు మూడేండ్లు దాన్ని చూస్తా ఉండాల్సిందే.

స్టెప్ 3: మట్టి కలుపుకోవడం

మన దగ్గర ఇంటి ముందర దొరికేది నల్లరేగడి లేదా ఎర్రమట్టి. రేగడి వద్దు, తడిస్తే బంక, ఎండితే బండ, రెండూ దీనికి పడవు. ఉత్త ఎర్రమట్టి కూడా కుండీలో నాలుగు నెలలకు గట్టిపడిపోతుంది. నేను కలిపేది ఇట్లా: కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన దిబ్బ ఎరువు కానీ వర్మీకంపోస్టు కానీ ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, దాంట్లో గుప్పెడు వేపపిండి, చితక్కొట్టిన బొగ్గు ముక్కలు రెండు మూడు గుప్పెళ్ళు. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విరిగిపోవాలి.

కోకోపీట్ ఇటుకను వాడేముందు నానబెట్టి పిండి ఆ నీళ్ళు పారేయండి, అట్లా రెండుసార్లు, మూడుసార్లు చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే దాంట్లోనే ఉప్పు ఉంటుంది. మన నీళ్ళల్లో ఉండే ఉప్పు చాలదా మళ్ళీ ఇదొకటి. దిబ్బ ఎరువు పచ్చిది వేయొద్దు, వేడి చేసి వేర్లు కాలుస్తుంది.

కుండీ మరీ పెద్దది వద్దు, ఇప్పుడున్న కవర్ కన్నా రెండంగుళాలు వెడల్పుంటే చాలు. పెద్ద కుండీలో చిన్న చెట్టు పెడితే వేర్లు అందుకోలేని మట్టి తడిగానే ఉండిపోయి పులుస్తుంది. కవర్ చింపేటప్పుడు వేర్ల ముద్దను దులపొద్దు, విడదీయొద్దు, ఎట్లా ఉందో అట్లే దింపండి, పామ్ జాతికి వేర్లు కదిలిస్తే మహా కోపం. ముందు ఎంత లోతులో ఉందో అంతే లోతు, మొవ్వు దగ్గర మట్టి పడకూడదు. కుండీ మార్చేది మూడేండ్లకు ఒకసారి, అడుగున రంధ్రంలోంచి వేర్లు బయటకు వస్తుంటేనే, అదీ వానాకాలంలోనే.

స్టెప్ 4: నీళ్ళు, అసలు కథ ఇక్కడే

నా రెండో చెట్టు సంగతికి వస్తా. నీడ ఉంది, రోజూ నీళ్ళున్నాయి, అయినా ప్రతి ఆకూ అంచు నుంచి గోధుమ రంగుకు తిరుగుతా లోపలికి ఎండుకుంటా వచ్చింది. నీళ్ళు చాలట్లేదేమో అని ఇంకా పోసినా. ఇంకా ఎండింది. ఒకరోజు ఫిల్టర్ రిపేరుకు వచ్చిన అబ్బాయి దగ్గర పెన్ను మాదిరి టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళల్లో కరిగిన ఉప్పును కొలిచేది, ఉంటే మా బోరు నీళ్ళల్లో పెట్టించినా, 1100 పైన చూపించింది, ఉప్పు చాలా ఎక్కువని అర్థం. అప్పుడు కుండీ వైపు చూస్తే అంచు చుట్టూ, మట్టి పైన, తెల్లగా పెచ్చులు కట్టి ఉంది. అది రోజూ కంటికి కనపడుతున్నదే, మా బకెట్లకూ కొళాయిలకూ ఉండే తెలుపే కదా అని పట్టించుకోలేదు అంతే. నీళ్ళు చెట్టు తాగుతుంది, ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం కుండీలోనే మిగిలిపోతుంది, నేను ఎక్కువ పోసేకొద్దీ ఎక్కువ ఉప్పు పోసినట్టు.

ఇంకా పెద్ద తప్పు ఏం చేసినానంటే, ఆర్వో ఫిల్టర్ నుంచి బయటకు పోయే నీళ్ళు వేస్టు అవుతున్నాయి కదా అని పొదుపుగా పట్టి ఆ చెట్టుకు పోసేదాన్ని. ఫిల్టర్ మనకిచ్చే నీళ్ళల్లోంచి తీసేసిన ఉప్పంతా ఆ వేస్టు నీళ్ళల్లోనే ఉంటుంది. గిన్నెలు కడుక్కోండి, బండలు కడుక్కోండి, చెట్లకు మాత్రం వద్దు. నీళ్ళను మెత్తగా చేసే సాఫ్ట్‌నర్ మిషన్ ఉంటే ఆ నీళ్ళూ వద్దు, దాంట్లో సున్నం పోయి సోడియం వస్తుంది.

మరి ఏం పోయాలి? వాన నీళ్ళు అన్నిటికన్నా మంచివి, డ్రమ్ములో పట్టి మూత పెట్టుకోండి, దోమలు రాకుండా. అవి అయిపోతే ఏసీ నీళ్ళు. ఏసీ బయట పైపులోంచి కారే నీళ్ళు గాలిలోని తేమే కదా, ఉప్పుండదు, మాకు ఎండాకాలంలో రాత్రికి అర బకెట్ పైనే వస్తుంది, ఒక్క చెట్టుకు అది చాలా ఎక్కువ. గమ్మత్తు చూడండి, ఏసీ గాలి దీనికి శత్రువు, ఏసీ నీళ్ళు దీనికి అమృతం. రెండూ లేకపోతే బోరు నీళ్ళల్లో సగానికి సగం ఆర్వో మంచినీళ్ళు కలిపి పోయండి.

ఎంత పోయాలి అంటే లెక్క లేదు, వేలు పెట్టి చూడాలి. పై అంగుళం పొడిగా తగిలితే పోయాలి, తడిగా ఉంటే ఆగాలి. మా దగ్గర మే నెలలో రోజూ పొద్దున పోస్తా, వానాకాలంలో మూడు నాలుగు రోజులకోసారి, డిసెంబర్‌లో వారానికి రెండుసార్లు. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి, చెంచాలతో పోసినట్టు పైపైన వద్దు. కింద ప్లేటులో నిలిచిన నీళ్ళు పారబోయండి. నెలకోసారి మంచినీళ్ళు కుండీ పట్టేదానికి రెండింతలు మెల్లగా పోసి ఉప్పును కిందికి కడిగేయండి, పైన తెల్ల పెచ్చులు కనిపిస్తే ఆ మట్టిని ఒక అరంగుళం గీకేసి కొత్తది వేయండి.

మధ్యాహ్నం పూట మిద్దె పైన ట్యాంకు నుంచి నేరుగా పైపు పెట్టి పోయొద్దండి. ఆ నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు, అంత కాలుతుంటాయి.

స్టెప్ 5: గాలిలో చెమ్మ

ఇది కొంచెం కష్టమే, ఎందుకంటే మన గాలిని మనం మార్చలేం, కానీ చెట్టు చుట్టూ ఉండే ఒక గజం గాలిని మార్చొచ్చు. వనువాటు అడవిలో అది ఒంటరిగా ఉండదు, చుట్టూ ఫెర్న్ మొక్కలు, చెట్లు, రాలిన ఆకులు, తడి నేల. మీరూ దాన్ని ఒంటరిగా పెట్టొద్దు. పెద్ద ఆకుల మొక్కలు, కలాడియం, మనీప్లాంట్, చేమ, ఏవి ఉంటే అవి, ఆరేడు కుండీలు దాని చుట్టూ దగ్గర దగ్గరగా గుంపు పెట్టండి. ఒకదాని ఆవిరి ఒకదానికి ఉపయోగపడుతుంది. గుంపు కింద వెడల్పాటి ట్రేలో ఇసుక పోసి తడిపి ఉంచండి, కుండీ అడుగు నీళ్ళల్లో మునగకుండా ఇటుక మీద.

ఏప్రిల్ రెండో వారం నుంచి జూన్ దాకా, మరీ ముఖ్యంగా రోహిణి కార్తెలో, గాలి వచ్చే పక్కన గోనెపట్ట తడిపి వేలాడదీస్తా, పొద్దున ఒకసారి, 11కి ఒకసారి, 3కి ఒకసారి తడుపుతా. వెనకటికి కిటికీలకు వట్టివేర్ల తడికలు కట్టేవాళ్ళు చూడండి, అదే పని. ఆఫీసుకు పోయేవాళ్ళు పొద్దున ఒకసారి బాగా తడిపి పోండి, లేనిదానికన్నా నయం. నాకు మాత్రం మధ్యాహ్నం తడిపే డ్యూటీ మా అత్త తీసుకుంది, మొదట్లో ఎగతాళి చేసిన ఆమె ఇప్పుడు "నా ఇసనకర్ర చెట్టు" అని వచ్చినోళ్ళకు చూపిస్తాది.

స్ప్రే చేయడం గురించి అందరూ చెప్తారు. చేయొచ్చు, కానీ బోరు నీళ్ళతో చేస్తే ఆకు మీద సున్నం చుక్కలు పడి తెల్లగా మచ్చలుగా ఉండిపోతాయి. వాన నీళ్ళో ఏసీ నీళ్ళో వాడండి, పొద్దున్నే చేయండి. సాయంత్రం చేస్తే మొవ్వులో నీళ్ళు రాత్రంతా నిలిచి కుళ్ళు పట్టే ప్రమాదం ఉంటుంది. నా అనుభవంలో స్ప్రే వల్ల వచ్చే చెమ్మ పావుగంట కూడా ఉండదు, గోనెపట్టే నిజంగా పనిచేస్తుంది.

ఆకుల మీద దుమ్ము తుడవాలి, మన ఊర్లల్లో దుమ్ముకు కొదవ లేదు. గుడ్డతో రుద్దితే మడతల్లో దుమ్ము ఇరుక్కుంటుంది, పెయింటు వేసే మెత్తటి బ్రష్ తీసుకుని కాడ దగ్గర నుంచి అంచు వైపుకు మడత వెంబడే దులపండి, తర్వాత తడిగుడ్డతో మెల్లగా అద్దండి. ఆకుకు మెరుపు రావాలని కొబ్బరినూనె పూయొద్దు.

ఎరువులు, జబ్బులు

దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, ఎందుకంటే ఇది తినేది తక్కువ, పెరిగేది తక్కువ. మా చెట్టు ఏడాదికి మూడు నాలుగు ఆకులు వేస్తుంది, అంతే. ఎక్కువ ఎరువేస్తే ఎక్కువ ఆకులు వస్తాయనుకోవద్దు, ఎరువు కూడా ఉప్పే. జులై నుంచి ఫిబ్రవరి దాకా రెండు నెలలకోసారి రెండు గుప్పెళ్ళు వర్మీకంపోస్టు, చాలు. ఎండాకాలంలో ఏమీ వేయొద్దు.

ఆకు చెప్పే మాట మాత్రం నేర్చుకోండి. పాత ఆకు అంచు పట్టీ మాదిరి పసుపెక్కి మధ్యలో పచ్చగా ఉంటే మెగ్నీషియం తక్కువ, లీటరు నీళ్ళకు ఒక చెంచా ఎప్సమ్ సాల్ట్ కలిపి మట్టికి పోయండి, నెలకోసారి, రెండు మూడు సార్లు. కొత్త ఆకే పాలిపోయి వస్తే అది ఐరన్ అందక, మన సున్నపు నీళ్ళల్లో మట్టిలో ఐరన్ ఉన్నా చెట్టు తీసుకోలేదు, చిలేటెడ్ ఐరన్ అని అడిగి తెచ్చి ప్యాకెట్ మీద రాసినంతే వాడండి, దాంతో పాటు నీళ్ళు మార్చండి, నీళ్ళు మార్చకుండా మందు పోస్తే డబ్బులు దండగ. పాత ఆకు సగం ఎండినా కోసేయొద్దు, ఆ పచ్చటి సగంలోంచి చెట్టు సరుకంతా వెనక్కి తీసుకుంటుంది, పూర్తిగా ఎండినాకే కాడ అడుగున కత్తిరించండి. చూసేదానికి బాగలేదంటే ఎండిన అంచు వరకు కత్తెరతో గుండ్రంగా కత్తిరించుకోండి.

పురుగుల్లో మన దగ్గర ఎక్కువ వచ్చేది ఎర్రనల్లి, ఎండాకాలంలో, గాలి పొడిగా ఉన్నప్పుడు. ఆకు మీద సన్నగా ఇసుక చల్లినట్టు మచ్చలు, వెనక సాలెగూడు మాదిరి సన్నటి బూజు. తెల్ల కాగితం పట్టుకుని ఆకు మీద తట్టితే చుక్కలు నడుస్తా కనపడతాయి. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కలు గిన్నెలు కడిగే సబ్బునీళ్ళు, బాగా గిలకొట్టి సాయంత్రం ఆకు వెనక కొట్టండి, వారానికోసారి మూడు వారాలు. మొవ్వులోకి పోకుండా చూసుకోండి. పిండినల్లికి ఇదే మందు, లేకపోతే పాత టూత్‌బ్రష్‌తో తోమేయొచ్చు.

నేలలో నాటొచ్చా?

కడప, కర్నూలు, అనంతపురం టౌన్లలో ఖాళీ స్థలంలో అయితే నా సలహా వద్దనే. కానీ రాజంపేట, కోడూరు పక్క మామిడి, అరటి తోటలున్నవాళ్ళు చేసి చూడొచ్చు. పెద్ద మామిడిచెట్టు నీడలో, గాలి వచ్చే పక్క అరటి గుబురు అడ్డం ఉండేటట్టు, డ్రిప్ లైను దగ్గర. గుంత రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు, పైన చెప్పిన మట్టే, నాటినాక చుట్టూ ఎండుటాకులు మూడు నాలుగంగుళాల మందం పరవండి. అరటి ఉండే చోట చెమ్మ ఎట్లాగూ ఉంటుంది.

నీడ అంతగా లేదు కానీ ఇట్లాంటిదే కావాలంటే దీని తమ్ముడు ఒకడున్నాడు, లికువాలా స్పైనోసా. ఆకు గుండ్రంగానే ఉంటుంది కానీ కొబ్బరి చీపురు కట్టలు పరిచినట్టు చీలికలు చీలికలుగా ఉంటుంది, గుబురుగా పిలకలు వేస్తుంది, మన అండమాన్, నికోబార్ దీవుల్లోనే సహజంగా ఉంది, కొంచెం ఎండకూ గాలికీ ఓర్చుకుంటుంది. ఇంకొకటి లికువాలా పెల్టాటా, అది మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోది, ఆకు ఇంకా పెద్దది. గ్రాండిస్ అంత అందం వీటికి లేదని నా అభిప్రాయం, కానీ స్పైనోసా అయితే అంత తేలిగ్గా చావదు.

విత్తనంతో చేయాలంటే

గ్రాండిస్‌కు పిలకలు రావు, ఒంటి కాండం, కాబట్టి విత్తనం ఒక్కటే దారి. చెట్టు బాగా ముదిరినాక ఆకుల మధ్య నుంచి పొడుగాటి గెల వేలాడుతుంది, దానికి ఎర్రటి చిన్న పండ్లు, ఒక్కో పండులో ఒక్కటే గింజ. నా చెట్టు ఇంకా పూయలేదు, తెలిసినవాళ్ళు కడియం నుంచి పండ్లు తెచ్చిచ్చినారు. ఎండబెట్టి దాచిన గింజలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు, వాటికి డబ్బు పెట్టొద్దు, దీని గింజ ఎండిపోతే మొలవడం కష్టం.

పండు తోలు, గుజ్జు పూర్తిగా తీసేసి కడగండి, రెండు రోజులు నీళ్ళల్లో నానబెట్టండి, రోజూ నీళ్ళు మార్చి. మూత ఉండే ప్లాస్టిక్ డబ్బాలో తడిపి గట్టిగా పిండిన కోకోపీట్ వేసి, గింజలు అరంగుళం లోతులో పెట్టి, మూత పెట్టి, వంటింట్లో ఫ్రిజ్ పైనో, వెచ్చగా ఉండే చోట నీడలో పెట్టండి. మన ఊరి వేడి పనికొచ్చేది ఈ ఒక్క దాంట్లోనే. వారానికోసారి మూత తీసి గాలి ఆడనిచ్చి, బూజు పట్టిన గింజ ఉంటే తీసేయండి. మొలక రావడానికి కొన్ని నెలలు పడుతుంది, కొన్ని ఏడాది దాకా తీసుకుంటాయి, అన్నీ ఒకేసారి రావు. డబ్బా మీద తేదీ రాసి పెట్టుకోండి, లేకపోతే ఎవరో ఒకరు పాత మట్టి అనుకుని పారబోస్తారు. నావి పన్నెండు గింజలు, ఐదో నెల నడుస్తా ఉంది, మొన్న ఆదివారం ఒకదానికి అగ్గిపుల్ల తలంత తెల్లగా బయటకు వచ్చింది. మిగతా పదకొండు అట్లే ఉన్నాయి, నేను రోజూ మూత తీసి చూస్తున్నా, మీరు తీయొద్దు.